గ్యాసు దొంగ

కారు ఏసీలోంచి గ్యాసు ఎవరో కాజేస్తున్నారు. ఆ ఎవరో తన బావమరిదేనని సూపర్‌వైజరుగారు తేల్చేశారు. ఇక రెడ్‌హ్యాండెడ్‌గా పట్టుకోవడమే తరువాయి.

రిటైరయ్యేదాకా ఆయన ఒక గిడ్డంగి గేటు దగ్గర కాపలా సూపర్‌వైజరు. బయటికెళ్ళే ప్రతి సంచీనీ తడిమి చూసిన చెయ్యి అది. దొంగని ఆమడ దూరం నుంచే పసిగడతానని ఆయన నమ్మకం. ఆ నమ్మకం తప్ప వేరే ఆధారం ఆయన దగ్గర ఎప్పుడూ ఉండేది కాదనుకోండి.

కారు పాతది. ఏసీ వేస్తే మొహం మీద వేడిగాలి కొట్టేది. మెకానిక్కుకి చూపిద్దామని ఇంటావిడ మొత్తుకున్నా వినకుండా, వీడియోలు చూసి ఆయనే రంగంలోకి దిగారు. పైపులన్నీ విప్పి, మందు పోసి కడిగితే లోపల్నుంచి తారులాంటి మడ్డి కారింది. మందు తేటగా వచ్చేదాకా కడిగి, ఆరబెట్టి, కొత్త ఆయిలు పోసి, అన్నీ తిరిగి బిగించి, అద్దెకి తెచ్చిన పంపుతో లోపలున్న గాలంతా లాగేసి, అప్పుడు గ్యాసు ఎక్కించారు. ఏసీ వేయగానే చలికి తట్టుకోలేక ఇంటావిడ శాలువా తెచ్చుకుంది.

"నేనంటే ఏమనుకున్నావోయ్?" అని ఆయన మీసం దువ్వుకున్నారు. ఆ రోజు నుంచి గ్యాసు ఎంతుందో చూపే గేజి తగిలించి, ముల్లు చూసుకుని మురిసిపోవడం ఆయనకి అలవాటైంది.

వారం తిరక్కుండా మళ్ళీ వేడిగాలి. గ్యాసు నింపారు. మళ్ళీ పోయింది. సబ్బునురుగు పూసి జాయింట్లన్నీ వెతికితే ఒక్క బుడగ రాలేదు. కారడం లేదంటే దొంగతనమే. అయినా తన చేత్తో బిగించిన పైపు కారడమా, ఎంత మాట!

సరిగ్గా ఆ రోజుల్లోనే పై గదిలో ఉండే బావమరిది ఫ్రిజ్ చల్లబడడం మొదలెట్టింది. అప్పటిదాకా అది పాడైపోయి, బట్టలు పెట్టుకునే అలమరాగా పడి ఉండేది. వాడు పనిచేసేది బట్టల కొట్లో. వాడికి ఫ్రిజ్ బాగుచేయడం ఎక్కణ్ణుంచి వచ్చినట్టు? ఆ అనుమానం పీకుతూండగానే ఒకరోజు వాడు కారు బానెట్ ఎత్తి, లోపల చెయ్యి పెట్టి కంటబడ్డాడు.

"ఏం లేదు బావగారూ, ఊరికే..." అని నసుగుతూ మెట్లెక్కేశాడు.

అంతే, కాపలా మొదలైంది. పొద్దున్నే పళ్ళు తోముకోకముందే బానెట్ ఎత్తి, ఏసీ పైపుకి గేజి తగిలించి, ముల్లు చూసుకుని, తుస్సుమని పీకేసేవారు. మధ్యాహ్నం ఇంకోసారి. సాయంత్రం మరోసారి. చూసినప్పుడల్లా ముల్లు ఇంకాస్త కిందికి దిగే ఉండేది. దొంగ ఎంతకి తెగించాడో అని పళ్ళు నూరుకుని, ఆయన తనిఖీలు ఇంకా పెంచేశారు.

"దొంగ దొరికిన రోజే పెట్టె సర్దుకుని ఈ ఇంట్లోంచి వెళ్ళాల్సిందే. సొంత మనిషైనా సరే!" అని ఇంటావిడకి తెగేసి చెప్పారు.

ఆవిడకి అర్థమైంది. "వాడికి మనం తప్ప ఎవరున్నారండీ?" అని కళ్ళొత్తుకుంది. ఆయన కరగలేదు.

చివరికి వల పన్నారు. ఏసీ ఎక్కడ కారుతోందో పట్టుకోడానికి మెకానిక్కులు వాడే రంగుమందు ఒకటుంది. చీకట్లో ఊదారంగు టార్చి వేస్తే తప్ప అంటినట్టే తెలియదు. సబ్బుకి ఓ పట్టాన వదలదు. ఈసారి గ్యాసుతోపాటు దాన్నీ ఎక్కించారు. గ్యాసు తీసినవాడి చేతికి అది అంటుకోక తప్పదు. తన బుర్రకి తనే ముచ్చటపడిపోయారు.

ముల్లు మళ్ళీ అడుక్కి దిగిన రోజున అక్కాతమ్ముళ్ళని కారు షెడ్డులోకి పిలిచి షట్టర్ దించేశారు. పట్టపగలే లోపల చీకటి కమ్ముకుంది.

"చేతులు చాపరా!" అని టార్చి వేశారు.

బావమరిది కుడిచేతి వేళ్ళు రెండు పచ్చగా మెరిశాయి.

"దొరికావ్!" షెడ్డు అదిరిపోయేలా అరిచారు సూపర్‌వైజరుగారు. ఇన్నేళ్ళ సర్వీసులో ఇంత చక్కగా ఎవర్నీ పట్టుకోలేదు. నిజం చెప్పాలంటే, ఇన్నేళ్ళ సర్వీసులో అసలు ఎవర్నీ పట్టుకోలేదు.

"అయ్యో బావగారూ, మీరు గేజి పెట్టి చూశాక ఆ పైపు మూత పెట్టడం మర్చిపోతున్నారు. దుమ్ము పడుతుందని నేను బిగిస్తున్నా, అంతే. చెబితే మీకు కోపమొస్తుందని..."

"మరి ఫ్రిజ్?"

"ప్లగ్గు మార్చానండీ."

"కట్టుకథలు నా దగ్గరా? పో, పెట్టె సర్దుకో!"

"ఏదీ, ఓసారి అది ఇలా ఇవ్వండి," అని ఇంటావిడ టార్చి తీసుకుని మొగుడి మీదికి తిప్పింది. అరచేతులు, మోచేతులు, బనీను, కళ్ళజోడు, ఆఖరికి దువ్వుకున్న మీసంతో సహా ఆయన నిలువెల్లా పచ్చగా వెలిగిపోయారు.

"నాకంటక ఇంకెవరికంటుతుంది? పొద్దస్తమానం గేజి పెట్టి చూసేది నేనేగా!" అని ఆయన గదమాయించారు.

"ఆ సంగతి సరేనండీ. చూసి పీకినప్పుడల్లా తుస్సుమంటుంది కదా," ఆవిడ నిజంగానే తెలియక అడిగింది, "అందులోంచి పోయేదేంటి?"

గాలి అనబోయి ఆయన ఆగిపోయారు. లోపలున్న గాలంతా పంపుపెట్టి లాగేసింది తనే. ఇక అందులో మిగిలింది ఒక్కటే. ఆయనకి తన మీద తనకే నవ్వొచ్చింది గానీ, నవ్వితే మీసం మరీ మెరుస్తుందని బిగబట్టుకున్నారు.

ఇంటావిడ కాసేపు ఆయన మొహంలోకి చూసి, నెమ్మదిగా షట్టర్ ఎత్తి, తమ్ముడితో అంది: "అటక మీద మీ బావగారి పెట్టె ఉంటుంది, కాస్త దించి పెట్టరా."