కణారన్ కారులో పాట

"మళ్ళీ కిందేనా?" బీరాన్ కారులోంచి తల బయటికి పెట్టి అడిగాడు. "స్పీకరు చెవికి పెడతారమ్మా, కాళ్ళకి కాదు."

"రెండూ కిందే పెట్టండి ఇక్కా," అంది ప్రసన్న.

కేరళలోని వడకరలో కార్లకు పాటపెట్టెలు బిగించేవాళ్ళలో, ఊరంతా ఇక్కా, అంటే అన్నా, అని పిలిచే బీరాన్ అందరికన్నా పాతవాడు. ఈ అంబాసిడర్‌కి మొదటి టేప్ రికార్డరు బిగించింది అతనే. అప్పటికి ప్రసన్న పుట్టలేదు. ఆమె తండ్రి కణారన్ స్టాండులో కొత్తగా టాక్సీ దింపాడు. ఆ పాటల కోసం పెళ్ళివాళ్ళు ముహూర్తం మార్చుకుంటారని తోటి డ్రైవర్లు వేళాకోళం చేసేవారు.

ఇప్పుడు కారు ఇంటి పక్కన పనసచెట్టు నీడలో ఉంది. ఇంజను పాడైతే పోయినేడు దాన్ని విప్పి తూకానికి అమ్మేశారు. కణారన్‌కి అది గుర్తుండదు. తెల్లారితే ఖాకీ చొక్కా తొడుక్కుని వచ్చి కార్లో కూర్చుంటాడు. కాసేపటికి దిగి, స్టాండుకని హైవే వెంట నడిచిపోతాడు. మొన్న బస్సు కింద పడబోయాడు.

"ఇంకోసారి వెళ్తే గదిలో పెట్టి గొళ్ళెం వేస్తానంటున్నాడు తమ్ముడు," అంది ప్రసన్న. "నేను చూడలేను ఇక్కా. ఆయన కార్లోనే కూర్చునేలా చెయ్యాలి."

"పాటుంటే కూర్చోకేం. వాణ్ణి నాకంటే ఎరిగినవాళ్ళెవరు?"

ఇంజను లేదు కనక బాటరీని డిక్కీలో పెట్టి, ఇంట్లోంచి చార్జరు లాగాడు. యాంప్లిఫయరు ముందు సీటు కిందకి దూర్చాడు. ఎర్తు ఇచ్చే నల్లతీగ కోసం బాడీ మీద రంగు గీకి, ఇనుము మెరిశాక బోల్టు బిగించాడు.

"గొంతు పలకడానికి తలుపుల్లో చిన్నవి రెండు పెడతా. లేకపోతే పాడేవాడికి జలుబు చేసినట్టుంటుంది."

"వద్దిక్కా. మోత చాలు. నేల, స్టీరింగు అదరాలి. తాళంచెవి తిప్పితేనే పలకాలి."

"మీ నాన్నకి పాటంటే ప్రాణం, నీకు మోతంటే ప్రాణం. ఎవరి పోలికో."

ప్రసన్న నవ్వలేదు. నిమ్మరసం పిండిన నల్లటీ తెచ్చి బానెట్ మీద పెట్టింది.

"పాటల సంగతి నాకొదిలెయ్. ఆ రోజుల్లోవన్నీ పెన్ డ్రైవులో ఎక్కించి తెచ్చా," అన్నాడు బీరాన్.

"నేనూ ఒకటి తెచ్చా. చాత్తు దగ్గర ఎక్కించుకున్నా."

"టాక్సీ చాత్తువా? వాడి డొక్కు అంబాసిడర్లో రేడియో కూడా లేదు. వాడికేం తెలుసు పాటలు?"

"ముందు మీదే పెట్టండి," అంది.

పెట్టి చూస్తే మోత పలచగా వచ్చింది. బీరాన్ మళ్ళీ సీటు కింద దూరాడు. ఒక స్పీకరుకు తీగలు తిరగబడ్డాయి. "ఒకడు తోస్తుంటే ఇంకొకడు లాగుతున్నాడు. అన్నదమ్ముల్లా," అని గొణుక్కుని మార్చాడు. ఈసారి నేల అదిరింది.

కణారన్ ఖాకీ చొక్కాలో వచ్చాడు.

"బీరానే, నువ్వా. ఎవరిదీ పెళ్ళి?"

"నీదేరా. ఎక్కు."

కణారన్ ఎక్కి తాళంచెవి తిప్పాడు. పాట మొదలైంది. ముసలి వేళ్ళు స్టీరింగు మీద దరువు వేశాయి. బీరాన్ తలుపు పట్టుకుని నిలబడి తనూ కూనిరాగం తీశాడు. ఇద్దరూ పాతికేళ్ళ వాళ్ళయినట్టుంది.

చరణం సగంలో కణారన్ తాళంచెవి వెనక్కి తిప్పి, కారు దిగాడు.

"పాట బాగుందిరా. కానీ పెళ్ళివాళ్ళు ఎదురు చూస్తుంటారు. నేను వెళ్ళాలి." గేటువైపు నడిచాడు.

 పాటకు కూడా వీడు ఆగకపోతే ఇంక గొళ్ళెమే అనుకున్నాడు బీరాన్.

ప్రసన్న వెళ్ళి తండ్రి చెయ్యి పట్టుకుంది. "నడిచి ఎందుకు నాన్నా? కారులోనే వెళ్దువుగాని, రా." తీసుకొచ్చి కూర్చోబెట్టింది. బీరాన్ పెట్టిన పెన్ డ్రైవు లాగేసి తనది పెట్టింది.

"చాత్తు పాటలకి ఆగుతాడా వీడు?" అన్నాడు బీరాన్ నీరసంగా.

కణారన్ తాళంచెవి తిప్పాడు.

కాళ్ళ కింద స్పీకర్లలో చాత్తు అంబాసిడర్ పాత డీజిలు ఇంజను రెండుసార్లు దగ్గి, అందుకుంది.