ఒక్కరి అడుగులు

తలుపు తీసేసరికి గడప అవతల ఎవరో మనిషి. మంచు మీద నడిచొచ్చిన చప్పుడు మాత్రం కపితొలీనాకి వినిపించలేదు.

"అమ్మా, మీకొక మాట చెప్పాలి."

"గడపకి అటొకరూ ఇటొకరూ నిలబడి మాట్లాడుకుంటే ఇంటికి అరిష్టం. లోపలికైనా రా, లేదా వెళ్ళు."

అతను ఆమె భుజం మీదుగా లోపలికి చూశాడు. ఎదురుగోడ మీద, నల్లరిబ్బను కట్టిన ఫొటోలో ఆమె కొడుకు ఇగ్నాత్.

ఆ మనిషి లోపలికి రాలేదు. తల వంచుకుని వెళ్ళిపోయాడు.

తాగుబోతు, అనుకుని ఆమె తలుపేసుకుంది. వాసనైతే రాలేదు.

ఊరి చివర పాడుబడ్డ ఆవిరిస్నానాల కొట్టంలో అతను మకాం పెట్టాడని పక్కింటి న్యూరా కబురు మోసుకొచ్చింది.

"మనిషన్నవాడు అక్కడ పడుకుంటాడా కాపా? ఆ కొట్టంలో దయ్యం ఉందని ఊరందరికీ తెలుసు."

"దానికీ ఓ తోడు దొరికిందిలే," అంది కపితొలీనా.

ఆ వారం నుంచే ఆమె ఇంట్లో వింతలు మొదలయ్యాయి.

లేచి చూసేసరికి వాకిట్లో మంచు ఎత్తిపోసి ఉండేది. వసారాలో కట్టెలు పేర్చి ఉండేవి. చుట్టూ పరుచుకున్న మంచు మీద ఒక్క అడుగు జాడ ఉండేది కాదు. అక్కడక్కడ దేవదారు ఆకులు మాత్రం రాలి ఉండేవి.

ఆమె భయపడలేదు. పొయ్యి వెనక కంటికి కనపడకుండా ఉండి ఇంటిని కాసే దేవుడు, ఇంటితాత పనే అది. ఆ ఆకులు ఆయన గడ్డంలోవి. వసారాలో ఆయనకి సాసరుతో పాలు పెట్టింది. పొద్దున్నకి సాసరు ఖాళీ. పైగా కడిగి బోర్లించి ఉంది.

"మా ఆయన బతికున్నన్నాళ్ళూ చెయ్యని పని," అంది న్యూరాతో.

ఇంట్లో ఆమె మాట్లాడేది ఇంటితాతతోనూ, గోడమీది కొడుకుతోనూ. కొడుకుని అడిగేది ఒకటే ప్రశ్న.

"పోయేటప్పుడు పక్కన ఎవరైనా ఉన్నార్రా?"

ఇగ్నాత్ సైన్యంలో రహస్యపు పనులు చేసే స్పెత్స్‌నాజ్ దళంలో ఉండేవాడు. ముద్రలు వేసిన శవపేటికని చెచెన్యా యుద్ధం నుంచి తెచ్చిన ఆఫీసర్లు దాన్ని తెరవనివ్వలేదు. ఎక్కడ, ఎలా అంటే, "రహస్యం తల్లీ" అన్నారు. ఇరవై ఏళ్ళయినా ఆ రహస్యం ఇంకా రహస్యంగానే ఉంది.

సెలవుకొచ్చినప్పుడు వాడు పెరట్లో మంచు మీద తల్లికి తన ఉద్యోగం చూపించాడు.

"ముందువాడు వేసిన అడుగులోనే వెనకవాడూ అడుగెయ్యాలమ్మా. పదిమంది వెళ్ళినా ఒక్కడి జాడే కనిపించాలి. అది కూడా వద్దనుకుంటే ఆఖరివాడు దేవదారు కొమ్మతో ఊడ్చేస్తాడు. ఆ పెద్ద యుద్ధంలో మన తాత జర్మన్ల వెనక అడవుల్లో నడిచిన నడకే ఇది."

"అందరి పిల్లలూ టాంకులు తోలుతుంటే, నీకు దొంగనడక నేర్పారా?"

"నాకంటే నా నీడగాడు బాగా నేర్చాడు. ఎప్పుడూ నా వెనకే ఉంటాడు. ఉన్నాడో లేడో తెలీదు, వెనక్కి తిరిగితే మెడమీదే."

"వాడి పేరేమిటి?"

"పేర్లు చెప్పకూడదమ్మా."

ఒక ఉదయం న్యూరా రొప్పుతూ వచ్చింది.

"నీ కట్టెలు పోతున్నాయి కాపా! కొట్టంలో ఉన్నవాణ్ణి ఇప్పుడే నీ వసారా దగ్గర చూశాను. చేతినిండా కట్టెలే."

కపితొలీనా వెళ్ళి చూసింది. కట్టెలు తగ్గలేదు. నిన్నటికంటే ఎక్కువే ఉన్నాయి.

"ఇంటితాత లాక్కుని ఉంటాడు," అంది న్యూరా.

కపితొలీనాకీ అదే తోచింది. దొంగలు తిరిగే ఇంట్లో ఇంటితాత ఉండడు, అలిగి పోతాడు. ఇంట్లో ఉన్న ఆ ఒక్క తోడూ పోతే తను ఎవరితో మాట్లాడాలి? పోలీసు వదీమ్‌కి ఫోన్ చేసింది.

వదీమ్ రోడ్డు మీద జీపు ఆపి, నడిచి ఆమె వాకిలి ముందునుంచే కొట్టానికి వెళ్ళాడు. ఆమె బయటికి రాలేదు. కిటికీ తెర కూడా తీయలేదు. దొంగ కళ్ళలో పడటం ఆమెకి ఇష్టం లేదు.

మధ్యాహ్నం వదీమ్ మళ్ళీ వచ్చి, చెర్రీ జామ్ నంజుకుంటూ టీ తాగాడు.

"రైలెక్కించేశాను కాపా అత్తా. పేచీ ఏమీ పెట్టలేదు. నీ ఇంటివైపు చూసి, ఆవిడకి రాత్రిళ్ళు భయమేస్తుందా అని మాత్రం అడిగాడు."

"నా భయం సంగతి వాడికెందుకట? ఏ రైలు?"

"ముందొచ్చిన రైలు. ఎటుపోతే మనకెందుకు? కానీ అత్తా, మనిషి మంచివాడు కాదు. కొట్టం నుంచి జీపు దాకా నా వెనకే నడిచాడు. ఒక్క చప్పుడుంటే ఒట్టు. పారిపోయాడనుకుని తిరిగి చూశాను. మెడమీదే ఉన్నాడు. ఇప్పటికీ వీపు చల్లగా ఉంది."

ఆమె చేతిలోని చెంచా ఆగింది.

"మెడమీదా?"

"మరే. నా నీడలా."

కపితొలీనా శాలువా కూడా కప్పుకోకుండా బయటికి వచ్చింది.

పొద్దుటి నుంచి మంచు కురవలేదు. జీపు నుంచి కొట్టానికి వదీమ్ వెళ్ళిన అడుగులు అలాగే ఉన్నాయి. తిరిగి వచ్చిన అడుగులూ ఉన్నాయి, అవీ ఒక్కడివే.

వెళ్ళింది ఒక్కడు. వచ్చింది ఇద్దరు.

"అదేంటత్తా, చలిలో ఏం చూస్తున్నావ్?" వదీమ్ గుమ్మంలోంచి అడిగాడు.

ఆమె వంగి, తిరిగివచ్చిన అడుగుల్లో ఒకదాని మీద అరచెయ్యి ఆనించింది. అంచు ఎక్కడా చెదరలేదు.

ఇరవై ఏళ్ళుగా ఆమె గోడని అడుగుతున్న ప్రశ్నకి జవాబు తెలిసిన ఒకే ఒక్క మనిషి, ఇగ్నాత్ నీడగాడు, ఆ ఒక్కరి అడుగుల్లోనే నడిచి వెళ్ళిపోయాడు.