అత్తమ్మగారి కాలువ

రాజ్యం ఏలడానికి గడ్డమెందుకో మీలో ఎవరైనా చెబుతారా? నైలు ఒడ్డున అదే ఆచారం. అందుకే ఆడ నీటిగుర్రం ఒకామె రెల్లుగడ్డితో గడ్డం కట్టుకుని ఇరవయ్యేళ్లు ఏలింది. ఎండిపోయిన మడుగుకు కాలువ తవ్వించింది.

ఆమె పోగానే మేనల్లుడు గద్దెనెక్కి వడ్రంగిపిట్టను పిలిపించాడు.

"ఆడది ఏలిందని ఎవరికీ తెలియకూడదు. అత్త గుర్తు ఒక్కటి మిగిలినా నీ ముక్కు విరిచేస్తా."

పిట్ట ఈతచెట్ల మీద చెక్కి ఉన్న ఆమె పేరంతా పొడిచి చెరిపేసింది. చివరికి కాలువ దగ్గరికొచ్చి ఆగింది.

"బాబుగారూ, దీన్ని కూడా పూడ్చేయమంటారా? అందరూ అత్తమ్మగారి కాలువనే అంటున్నారు."

మేనల్లుడు అందులోనే మెడదాకా మునిగి ఉన్నాడు.

"నేను బయటికొచ్చాక చూద్దాంలే," అన్నాడు.

వేసవంతా బయటికి రాలేదు. పిట్ట ముక్కు దక్కింది.

మీ ఊళ్లోనూ ఇలా గీకేసిన పేర్లుంటాయి. వెళ్లి వెతకండి, మళ్లీ చెక్కండి.