నోరు మూసుకునే హక్కు

"ఇంకోసారి నోరు విప్పావంటే నీ కేసు నువ్వే వాదించుకో," అంది లాయరు కార్మెలిటా.

ఆస్మండ్ తల వంచుకున్నాడు.

కరెంటు పోయిన రాత్రి పక్కింటివాడి మేకపోతు మాయమైంది. దాని తాడు ఆస్మండ్ పెరట్లో దొరికింది. అంతవరకూ ఫరవాలేదు.

విచారణకు వచ్చిన పోలీసు గుమ్మంలో నిలబడి మర్యాదగా "గుడ్ ఆఫ్టర్నూన్" అన్నాడు.

పలకరిస్తే బదులివ్వనివాణ్ణి మా సెయింట్ థామస్ దీవిలో మనిషికింద జమకట్టరు. ఆస్మండ్ బదులిచ్చాడు. మీ అమ్మగారి మోకాళ్ళనొప్పులు ఎలా ఉన్నాయని పోలీసునే అడిగాడు. కూర్చోబెట్టి చల్లటి చింతపండు రసం ఇచ్చాడు. ఆ ఊపులో, "ఆ మేక నా మిరపమొక్కలన్నీ మేసేసింది సార్, ఏదో ఒకరోజు దాన్ని కూర వండేస్తానని నేనే అన్నాను," అని కూడా చెప్పేశాడు.

పోలీసు రసం తాగి, ఆ మాట రాసుకుని వెళ్ళాడు.

"నేరం చేశావని నిరూపించాల్సింది వాళ్ళు," అంది కార్మెలిటా. " మధ్యలో నీ సాయమెందుకయ్యా? నోరు మూసుకునే హక్కు చట్టం నీకిచ్చింది. ఒక్కసారైనా వాడుకుని చావు!"

"మేక పోయినప్పుడు నేను రేవు షెడ్డులో ఉన్నానమ్మా. ఒకావిడ సాక్ష్యం."

"ఎవరావిడ?"

"చీకటి కదా, కనబడలేదు. గుడ్ నైట్ అన్నాను."

మా దగ్గర పొద్దుగూకాక ఎదురుపడినా గుడ్ నైటే.

"ఆవిడేమంది?"

"ఊఁ అంది. వాన తగ్గేదాకా మాట్లాడుకున్నాం."

"ఏం మాట్లాడింది?"

"ఊఁ అంది."

"అంతసేపూ అదేనా?"

"నేను మాట్లాడాను, ఆవిడ ఊఁ కొట్టింది. చాలా మంచి మనిషి."

కార్మెలిటా నుదురు కొట్టుకుంది. అయినా రేడియోలో చెప్పించింది. కరెంటు పోయిన రాత్రి రేవు షెడ్డులో ఊఁ కొట్టినావిడ దయచేసి కోర్టుకు రావాలట! ఊరంతా పడీ పడీ నవ్వింది. ఆవిడ మాత్రం రాలేదు.

రాకపోతే ఆస్మండ్‌కు ఏడాది జైలు ఖాయం.

"రేపు కోర్టు వరండాలో ఎవరు పలకరించినా పలక్కు. అవతలి పక్షం మనుషులు తిరుగుతుంటారు."

"గుడ్ మార్నింగ్ అంటేనో?"

"పలక్కు."

"పెద్దవాళ్ళయితేనో?"

"ఆస్మండ్!"

మర్నాడు క్రూయిజ్ ఓడ దిగిన జనంతో రోడ్డు కిక్కిరిసి, కార్మెలిటాకు ఆలస్యమైంది. ఆస్మండ్ వరండాలో బెంచీ చివర ఒక్కడే బిక్కుబిక్కుమంటూ కూర్చున్నాడు.

గడ్డి టోపీ పెట్టుకున్న ఒక పెద్దావిడ హడావిడిగా వచ్చింది. బెంచీ మీద మొదటివాడికి గుడ్ మార్నింగ్ చెప్పింది. అతను బదులిస్తుంటే కళ్ళు మూసుకుని విని, తల అడ్డంగా ఊపింది. తర్వాతివాడి దగ్గరా అంతే.

ఇది అవతలి పక్షం ఎత్తే అనుకున్నాడు ఆస్మండ్.

"గుడ్ మార్నింగ్, నాయనా."

ఆస్మండ్ పెదాలు బిగించాడు.

"నిన్నే నాయనా. గుడ్ మార్నింగ్!"

సమాధిలో ఉన్న వాళ్ళమ్మ లేచొచ్చి చెవి మెలిపెడుతున్నట్టనిపించింది. ఉండబట్టలేక, మూసిన నోటితోనే "ఊఁ" అన్నాడు.

"ఊఁ ఏమిటి ఊఁ? నోట్లో నాలుక లేదూ? ఇంత పొగరుమోతు ఏదో ఒకటి చేసే ఉంటాడు!"

రేవులో ఓడ కూత పెట్టింది. ఆవిడ టోపీ పట్టుకుని పరుగులాంటి నడకతో వెళ్ళిపోయింది.

ఆస్మండ్‌కు సంతోషంతో ఛాతీ పొంగింది. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి నోరు అదుపులో పెట్టుకున్నాడు!

రొప్పుతూ వచ్చిన కార్మెలిటాకు అదే చెప్పాడు.

"ఎంత కవ్వించినా పలకలేదమ్మా!"

"శభాష్!" అని భుజం తట్టి, ఆమె గుమ్మం దగ్గరి కాపలాదారు వైపు తిరిగింది. "మా రేడియో మాట విని ఎవరైనా వచ్చారా?"

"ఇప్పుడే ఒకావిడ వచ్చి వెళ్ళిందమ్మా. అరటిగెలలు తెచ్చే ఓడలో వంటావిడట. ఆ ఓడ డొమినికా, గ్రెనడా దీవులు తిరిగి మళ్ళీ ఎప్పటికొస్తుందో ఏమో."

"ఏమైనా చెప్పిందా?"

"తను వెతికే మనిషి ఇక్కడ లేడంది. 'ఆ రాత్రి పంటినొప్పితో నేను నోరు విప్పలేకపోయాను, పాపం వాన తగ్గేదాకా అతనే నాకు కబుర్లు చెప్పాడు, చీకట్లో మొహం చూడలేదు గానీ గొంతు వింటే చాలు, ఇట్టే పోల్చుకుంటాను' అనుకుంటూ వెళ్ళిపోయింది."