లెక్కలో లేని మనిషి

అల పడవను ఎత్తి కొట్టింది. దేవానందం సంచి దొర్లింది. అందులోని కాగితం వచ్చి తిరుపతి కాళ్ల దగ్గర పడింది.

పన్నెండు పేర్లు. మొదటి పేరు తిరుపతిదే.

కింద ముద్ర ఉప్పల్ ఏజెంటు బెంజమిన్‌ది.

తిరుపతి రక్తం మరిగింది. నాచారం ఫ్యాక్టరీలో వెల్డింగు చేసుకునేవాణ్ణి నీడపట్టు పని అని నమ్మించి, ఎడారిలో పాస్‌పోర్టులు గుంజుకునే కంపెనీకి అమ్మేసినవాడు బెంజమిన్. పడవలో ఉన్న పన్నెండు మందినీ వాడే అమ్మాడు. బోర్డు పెట్టి మరీ అమ్ముతారు. అడిగే నాథుడు లేడు.

"ఒడ్డుకు రండి, పడవ ఉంది" అని కబురొస్తే, పంపిందెవరని కూడా అడక్కుండా కంపెనీ నుంచి పారిపోయి వచ్చి ఎక్కారు. ఉల్లిగడ్డలు మోసే చెక్క పడవ. మన ఒడ్డుకు ఐదు రోజుల దారి అన్నారు. నడి సముద్రంలో ఇంజను చచ్చింది. ఇవాళ తొమ్మిదో రోజు. వీళ్ల వాటాకు మిగిలింది ఒక్క క్యాను నీళ్లు.

దేవానందం పడవలోనే కలిశాడు. ఉప్పల్ బస్సు డిపోలో కండక్టర్‌గా రిటైరయ్యానన్నాడు. రోజూ పొద్దున్నే పెన్ను చివరతో ఒక్కొక్కరి భుజం తట్టి లెక్కపెట్టేవాడు.

"పన్నెండు. రైట్ రైట్!"

"నిన్ను లెక్కవెట్టుకోవా తాతా?" అని పన్నెండు మందిలో చిన్నవాడు లక్ష్మీకాంత్ ఎగతాళి చేసేవాడు.

"కండక్టర్‌కు టికెట్టుంటదా బిడ్డా?"

ఆ లెక్క ఎవరి కోసమో ఇప్పుడు తెలిసిందనుకున్నాడు తిరుపతి.

"ఏంది ముసలోడా ఇది? బెంజమిన్ మనిషివా నువ్వు?"

దేవానందం కాగితం చూసి తల దించుకున్నాడు.

"ఇనవడ్తలేదా? మళ్ల యాడ అమ్మనీకి తోలుకపోతున్నవ్?"

"ఇంటికే బిడ్డా. ఇంటికే."

"వానికి నువ్వేమైతవ్? జెప్పు!"

ముసలాయన వంగి కాగితం ఏరుకుని సంచిలో పెట్టుకున్నాడు.

"గీనికి నీళ్లు బంద్!"

తిరుపతి క్యాను మీద కూర్చున్నాడు. ఒక్కడూ అడ్డు చెప్పలేదు. ఒక నోరు తగ్గితే ఒక గుక్క పెరుగుతుంది. దాహానికి న్యాయం ఉండదు.

పదో రోజు తుఫాను. నిలబడ్డవాడు లేడు, వాంతి చేసుకోనివాడు లేడు. దేవానందం తాడు పట్టుకుని, పాకుతూ వచ్చి అందరి భుజాలూ తట్టాడు. నాలుక పిడచకట్టుకుపోయింది.

"పన్నెండు..."

రైట్ అనడానికి గొంతు పెగల్లేదు.

తిరుపతి మొహం తిప్పుకున్నాడు.

పదకొండో రోజు పొద్దున ఎవరూ లెక్కపెట్టలేదు.

పడవ నడిపే సరంగు వచ్చి చూసి, ముసలాయన్ను సముద్రానికి ఇచ్చేశాడు. మర్నాడే చేపల పడవలవాళ్లు తాడు కట్టి వీళ్లను ఒడ్డుకు లాగారు.

వారం తిరక్కుండా పన్నెండు మందీ ఉప్పల్‌లో దిగారు. చేతుల్లో ఇనుప రాడ్లు. బెంజమిన్ ఆఫీసుకు తాళం. అడ్రసు పట్టుకుని మేడిపల్లిలో వాడి ఇంటికే పోయారు.

"రారా బయటికి!"

తలుపు తీసింది బెంజమిన్ తల్లి లూర్దమ్మ. రాడ్లను చూసి బెదరలేదు. వేలు చూపిస్తూ ఒక్కొక్కరినీ లెక్కపెట్టింది.

పన్నెండు.

ఆమె మొహం వెలిగింది.

"వాడు పరారైండు బిడ్డా. దొరికితే సంపుండ్రి, నేనడ్డం రాను."

అంటూనే వాళ్ల వెనకాల సందు చివరి దాకా చూసింది.

"నారపల్లి ప్లాటు అమ్మి, పడవ మాట్లాడి, మిమ్ముల తోలుకొస్తనని పోయిండు మా ఆయన. ఇంకా యెనకనే ఉన్నడా? అందరు దిగినంకనే గద, కండక్టర్ దిగేది?"