ఎడమచేతి కుట్టు

"విప్పు అన్నా. మూల ముద్దగట్టింది," అంది సమ్మమ్మ.

జయరాజు దారం తెంపాడు. పొద్దుటి నుంచి ఇది మూడోసారి. ముప్పై ఏళ్లు కాజీపేట లైన్లో రైలు పట్టాల మీద సుత్తి కొట్టిన చేతుల్లో సూది నిలవడం లేదు.

"బొంత అంచు పట్టీని మూలదాకా కుట్టొద్దు. పావించు ఉండంగనే ఆపు. పట్టీని పైకి మడువు. మళ్ల కిందికి మడిచి, అక్కడి నుంచి కుట్టు. గప్పుడు వెనక్కి తిప్పితే మూల కవరు లెక్క వస్తది."

పక్కింటి సమ్మమ్మ బట్టలు కుడుతుంది. ఆమె మిషన్ మీద ఇది పది నిమిషాల పని. తనే కుట్టి ఇస్తానని అప్పటికే రెండుసార్లు అంది.

"వద్దమ్మా. ఎస్తేరు కుట్టు కీర్తన గుర్తుపడ్తది," అన్నాడతను.

అతని భార్య ఎస్తేరుది ఎడమచేతి వాటం. ఆమె కుట్లు అవతలి పక్కకు ఒరిగి ఉంటాయి. అందుకే జయరాజు కూడా సూదిని ఎడమచేత్తోనే పట్టుకున్నాడు. కూతురు కీర్తనకు పుట్టబోయే బిడ్డ కోసం ఆమె మొదలుపెట్టిన చిన్న బొంత అది. రెండు వైపులే అంచు కుట్టింది. తొమ్మిది రోజుల కింద గుండెపోటుతో చనిపోయింది.

కీర్తనకు ఎవరూ చెప్పలేదు. ఎనిమిదో నెలలో బీపీ పెరిగి హన్మకొండ దవాఖానలో ఉంది. కాన్పయ్యేదాకా చెడ్డ కబురు చెవిన పడొద్దని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. అల్లుడు జోయెల్ ఆమె ఫోన్ కూడా తీసేసుకున్నాడు.

సాయంత్రానికి బొంత పూర్తయింది. మరునాడు పొద్దున్నే జయరాజు దవాఖానకు వెళ్లాడు. వార్డు తలుపు దగ్గర నర్సు రెబెకాకు మరోసారి చెప్పాడు.

"సిస్టర్, వాళ్లమ్మ సంగతి తియ్యకుండ్రి."

కీర్తన బొంత అందుకుని అంచంతా వేలితో తడిమింది. మూలల దగ్గర ఆగింది.

"అమ్మ కుట్టిందా?"

"ఇంకెవరు కుడ్తరు?"

"మంచిగున్నది. అమ్మను రావద్దను నాన్నా. ఎండలు ముదిరినయి. గిన్ని మెట్లెక్కితే ఆమెకు మోకాళ్లు నొస్తయి."

"చెప్త."

"మాట్లాడుదామంటే మీ అల్లుడు ఫోన్ ఇస్తలేడు. పోనీ, కాన్పయినంక మాట్లాడుత. నువ్వు జర టైముకు తిను. సన్నబడ్డవు."

జయరాజు తలూపాడు. దారి పొడవునా కూడగట్టుకున్న అబద్ధాల్లో ఒక్కటి కూడా అవసరం పడలేదు. కూతురి తల నిమిరి, గబగబా బయటికి నడిచాడు.

అతని అడుగుల చప్పుడు మెట్ల మీద ఆగిపోయేదాకా కీర్తన గోడ వైపు తిరిగి పడుకుంది. బీపీ చూడడానికి వచ్చిన రెబెకా ఆమె చెయ్యి పట్టుకుంది. కీర్తన రెండో చేత్తో బొంతను మొహానికి అదుముకుంది.

"ఏమైంది కీర్తనా?"

"సిస్టర్, రెండు వైపులే అమ్మ కుట్టు. అమ్మ లేదని నాకు తెలుసని నాన్నకు చెప్పకుండ్రి."