సన్నని సెగ

"మీ బట్టీ ముచ్చట ఈవేళతో సరి, మావయ్యగారూ," అంది కోడలు, తెల్లకోటు బొత్తాలు పెట్టుకుంటూ.

"చూద్దాంలే అమ్మాయ్. నిదానమే ప్రధానం అన్నారు."

"ఆలస్యం అమృతం విషం అని కూడా అన్నారు."

ఇంట్లో మామా కోడళ్లు. పరిశోధనశాలలో పోటీదార్లు. ఆయన బట్టీ మేస్త్రి. ఆమె రసాయన శాస్త్రవేత్త.

రేడియోధార్మిక వ్యర్థాల్లో అయోడిన్ ఒక గడుగ్గాయి. వేడి తగిలితే చాలు, ఆవిరై ఎగిరిపోతుంది. దాన్ని వేల ఏళ్లపాటు కదలకుండా పింగాణీలో బంధించాలి. ప్రయోగానికి మాత్రం మామూలు అయోడినే వాడారు. మేస్త్రి అయోడిన్ కలిపిన పింగాణీ బిళ్ళను తన పాత బట్టీలో సన్నని సెగమీద మూడు రోజులు కాల్చాడు. కోడలు కొత్త యంత్రంలో నొక్కిపట్టి పావుగంటలో కాల్చేసింది. రెండు బిళ్ళలనూ విడివిడి గిన్నెల్లో, వేడినీళ్లలో తొంభై రోజులు ఉంచారు. ఎవరి నీళ్లలోకి అయోడిన్ తక్కువ దిగితే వాళ్ల పద్ధతి నిలుస్తుంది.

కోడలు ఓడితే మళ్లీ మొదలుపెట్టుకుంటుంది. మేస్త్రి ఓడితే బట్టీని పడగొట్టేస్తారు. ముప్పై ఏళ్లుగా దాని ప్రతి ఇటుకా ఆయన చేతికి తెలుసు. రాత్రంతా ఆయన కంటిమీద కునుకు లేదు. ఆ సంగతి కోడలికి తెలియదనుకున్నాడు.

డైరెక్టరు ఫలితాల కాగితం విప్పాడు.

"అమ్మాయిగారి నీళ్లలో కొంచెం దిగింది. చాలా కొంచెం. మేస్త్రిగారి నీళ్లలో..." కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాడు. "సున్నా! మంచినీళ్లలా ఉన్నాయండీ!"

మేస్త్రి గుండెలమీంచి బండ దిగింది. వెంటనే నోరు లేచింది.

"విన్నావా అమ్మాయ్? పావుగంట వంట పావుగంట వంటే!"

"విన్నాను. సాయంత్రం అత్తయ్యగారికి చెప్పేటప్పుడు మళ్లీ వింటాను. రేపు పక్కింటివాళ్లకి చెప్పేటప్పుడు కూడా."

"ఎదురింటివాళ్లేం పాపం చేశారు?"

కోడలు నవ్వేసింది. డైరెక్టరు కూల్చివేత ఉత్తర్వును సంతకం పెట్టకుండా పక్కన పడేశాడు.

"ఇంకొక్క పని మిగిలింది," అన్నాడాయన. "గెలిచిన బిళ్ళను నూరి, ఆ పొడినీ పరీక్షించి, లోపల ఎంత అయోడిన్ నిలిచిందో దస్త్రంలో రాయాలి. రివాజు."

"ఇంత చక్కటి బిళ్ళను నూరుతారా?"

"పిల్లను కాపురానికి పంపుతున్నట్టు అలా చూడకండి మావయ్యగారూ, ఇటివ్వండి," అంటూ కోడలే కల్వం అందుకుంది.

"నిదానంగా నూరమ్మా. నీ బిళ్ళలాంటిది కాదు, మొండిఘటం. చేతులు నొప్పెడతాయి."

నిజంగానే నొప్పెట్టాయి. చివరికి పొడిని యంత్రంలో పెట్టి, ముగ్గురూ తెరమీదికి వంగారు.

పొడిలోనూ అయోడిన్ సున్నా.